నాసిరకం జవాబని రిపోర్ట్ చేస్తే ‘డిస్‌ప్యూటెడ్’ అంటోంది!

ప్రశ్న: ప్రోగ్రామింగ్ ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోలో నాసిరకం జవాబులు కనిపిస్తే ‘వెరీ లో క్వాలిటీ’ (చాలా నాసిరకం) అని ఫ్లాగ్ చేస్తుంటాను, అంటే రిపోర్ట్ చేస్తుంటాను. ఈమధ్య చాలావాటికి ‘డిస్‌ప్యూటెడ్’ అని వస్తోంది. అవన్నీ తప్పు జవాబులే! నా అకౌంట్‌కు ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: డిస్‌ప్యూటెడ్ అంటే మీ ఫ్లాగ్‌ను తోసిపుచ్చారని కాదు. దానికి ‘డిక్లైన్డ్’ అని వేరే ఉంది. మీరు చూపిన లోపం, ఆ జవాబును తీసేసేంత పెద్దదని దాన్ని రివ్యూ చేసిన ఇతర సభ్యులకు అనిపించలేదు, అంతే. ఒకటీ అరా వస్తే కంగారు అక్కర్లేదు. కానీ ‘చాలావాటికి’ అంటున్నారు కాబట్టి ఎలాంటి పోస్టులను ఫ్లాగ్ చేస్తున్నారో చూసుకోండి.

కారణం మీ ప్రశ్నలోనే ఉంది. తప్పు జవాబు వేరు, నాసిరకం జవాబు వేరు. ఫ్లాగ్ తేల్చేది పోస్టును ఉంచాలా, తీసేయాలా అన్నది మాత్రమే. అందులోని విషయం సరైనదో కాదో చెప్పడానికి డౌన్‌వోట్, కామెంట్ ఉన్నాయి. రివ్యూకు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ ప్రోగ్రామింగ్ భాష తెలిసి ఉండాలని కూడా లేదు. తప్పని తెలిసిన జవాబు అలాగే ఉండిపోతే బాధగా ఉంటుంది, నిజమే. అయినా మైనస్ ఓట్లతో, ఎందుకు పనిచేయదో చెప్పే కామెంట్‌తో అది అక్కడే ఉంటే, అదే పొరపాటు చేయబోయే ఇంకొకరు ఆగుతారు. తీసేస్తే ఆ హెచ్చరికా పోతుంది. అందుకే ఆ కామెంట్ రాయడానికి రెండు నిమిషాలు వెచ్చించమని గట్టిగా కోరుతున్నాను.

పేచీ ఎక్కువగా వచ్చేది లింక్ ఇచ్చి ఊరుకున్న జవాబుల దగ్గర. లింక్ లేదనుకుని చదవండి. ప్రశ్నకు పనికొచ్చేది ఏమీ మిగలకపోతే ఫ్లాగ్ చేయొచ్చు. వాడాల్సిన కమాండో, మార్చాల్సిన సెట్టింగో మిగిలితే మాత్రం అది చిన్నదైనా జవాబే. వివరణ లేకుండా కోడ్ మాత్రమే పెట్టినా అంతే. ‘నాకూ ఇదే సమస్య’ లాంటివాటికి ‘నాట్ యాన్ ఆన్సర్’ అనే ఫ్లాగ్ ఉంది, అది వాడండి. ఎడిట్ చేస్తే బాగుపడేదైతే మీరే ఎడిట్ చేయండి. ఇంత చూశాక కూడా నిర్ణయం తప్పనిపిస్తే, ఆ పోస్ట్ లింక్‌తో, సైట్ పనితీరు గురించి చర్చించే ‘మెటా’ విభాగంలో అడగండి.

ప్రశ్న: డిస్కోర్స్ అనే ఫోరమ్ సాఫ్ట్‌వేర్‌లో నడిచే మా కమ్యూనిటీకి నేను మోడరేటర్‌ని. సభ్యుల ఫ్లాగులతో ఒక పోస్ట్ దానంతటదే దాగిపోయింది. రాసినతనేమో అందులో తప్పేమీ లేదంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఎన్ని ఫ్లాగులు పడ్డాయన్నది పక్కనపెట్టి ముందు పోస్ట్ చదవండి. నచ్చని అభిప్రాయం మీద కూడా జనం ఫ్లాగ్ నొక్కుతారు. అలాంటిదైతే ఫ్లాగ్‌తో ఏకీభవించడం లేదని ఎంచుకోండి, పోస్ట్ మళ్లీ కనిపిస్తుంది. నిజంగా లోపం ఉంటే, ఏ వాక్యం ఏ నియమానికి అడ్డొచ్చిందో రాసినతనికి చెప్పి, ఎడిట్ చేసుకోమనండి. ఫ్లాగ్ చేసినవాళ్ల పేర్లు మాత్రం బయటపెట్టొద్దు. ఆ చర్చలో మీరూ వాదించి ఉంటే, నిర్ణయం మరో మోడరేటర్‌కు వదిలేయండి.