మే నెల ఎండలో ఫాండెంట్ కేకు: పాపకు పెద్దమ్మ జాబు

కర్నూలు

పాపా,

నీ జాబు అందింది. మీ ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కు రెండంతస్తుల ఫాండెంట్ కేకు నువ్వే చేస్తానని ఒప్పుకున్నావు, అదీ అనంతపురంలో, మే నెలలో. చెయ్యగలవు. కానీ నువ్వు అడిగినవన్నీ పైపని గురించే: జరీ అంచు ఎట్లా, పల్లు మడతలు ఎట్లా, మల్లెమొగ్గలు ఎట్లా అని. కేకు చెడేది అక్కడ కాదమ్మా. ఫాండెంట్ అంటే కేకు మీద వత్తి కప్పే చక్కెర ముద్ద పొరే గదా, దాని కింద ఏముంది, అది ఎంత గట్టిగా నిలబడింది, అన్నదాని మీదే అంతా ఉంది. అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

నువ్వు మామూలుగా చేసే క్రీమ్ కేకు మీద ఫాండెంట్ కప్పకూడదు. విప్పింగ్ క్రీమ్‌లో నీళ్ళుంటాయి, ఫాండెంట్ అంటే దాదాపు అంతా చక్కెరే. చక్కెర ఆ తడిని లాగేసుకుని లోపలినుంచి కరుగుతుంది. గంట గడిచేసరికి పక్కలు ఉబ్బి, పొర కిందికి జారుతుంది. కింద గనాష్ ఉండాలి, అంటే చాక్లెట్, క్రీమ్ కలిపి చేసే గట్టి పూత. మామూలు రోజుల్లో డార్క్ చాక్లెట్‌ రెండు వంతులకు క్రీమ్ ఒక వంతు చాలు. మన ఎండకు మూడుకు ఒకటి వెయ్యి. వైట్ చాక్లెట్ అయితే నాలుగుకు ఒకటి. ఎనిమిది అంగుళాల కేకుకు లోపలి పూత, పై పూత కలిపి 900 గ్రాముల డార్క్ కాంపౌండ్ చాక్లెట్, 300 గ్రాముల ఫ్రెష్ క్రీమ్ పడుతుంది. ఆరంగుళాల దానికి 600, 200 చాలు.

చాక్లెట్ సన్నగా తరుక్కో. క్రీమ్‌ను అంచుల్లో బుడగలు వచ్చేదాకానే కాచు, తెర్లనివ్వద్దు. చాక్లెట్ మీద పోసి మూడు నిమిషాలు కదిలించకుండా ఉంచి, తర్వాత నడిమినుంచి మెల్లగా కలుపు. నూనె తేలి విరిగినట్టు కనిపిస్తే పారెయ్యకు, గోరువెచ్చని పాలు చెంచా చెంచాగా పోస్తూ కలిపితే మళ్ళీ దగ్గరవుతుంది. రాత్రంతా బయటే మూతపెట్టి ఉంచు. పొద్దునకు రోట్లో నూరిన చెనిక్కాయల ముద్దలాగా, కత్తితో రాస్తే నిలబడేలా ఉండాలి.

కేకు కూడా దూదిలాంటి స్పాంజి పనికిరాదు. వెన్న కేకో, కండెన్స్‌డ్ మిల్క్ వేసిన ఎగ్‌లెస్ చాక్లెట్ కేకో, కాస్త బరువుగా ఉండేది చెయ్యి. కాల్చిన రోజే కొయ్యకు. చల్లారాక ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఒక రాత్రి ఉంచితే పొడి రాలకుండా తెగుతుంది. పైన ఉబ్బిన భాగం చదునుగా కోసెయ్. చక్కెర పాకం పొరకు రెండు చెంచాలు మించొద్దు. తాజా పండ్లు, కస్టర్డ్, క్రీమ్ లోపల పెట్టొద్దు. ఈ కేకు ఫంక్షన్ హాల్లో మూడు నాలుగు గంటలు బయట ఉంటుంది, ఆ వేడికి అవి పులిసిపోతాయి.

పొరలు పేర్చాక పైన తేలికపాటి పళ్ళెం పెట్టి రెండు మూడు గంటలు వదిలెయ్. ఇది చాలామంది చెయ్యరు. పొరల మధ్య చిక్కిన గాలి అప్పుడే పోకపోతే, ఫాండెంట్ కప్పిన మర్నాడు పక్కన పెద్ద బుడగలాగా పొంగుతుంది. తర్వాత పలచటి పూత ఒకటి వేసి ఫ్రిజ్‌లో అరగంట, మళ్ళీ మందపు పూత వేసి, స్క్రేపర్‌తో పక్కలు నిటారుగా లాగి ఇంకో అరగంట. గనాష్‌లో ఉన్న ప్రతి గుంటా ఫాండెంట్ మీద కనిపిస్తుంది. ఫాండెంట్ దాన్ని దాచదు, ఎత్తి చూపిస్తుంది. కాబట్టి వేడినీళ్ళలో ముంచి తుడిచిన కత్తితో ఆ పూతను నున్నగా చెయ్యడానికి ఎంతసేపు పట్టినా పట్టనీ.

ఇక ఫాండెంట్. మొదటిసారి కాబట్టి కొనుక్కోవడమే నయం. ఇంట్లో చెయ్యాలనిపిస్తే కొలత ఇది: పెద్ద చెంచా జెలటిన్‌ను 60 మిల్లీలీటర్ల నీళ్ళలో నానబెట్టి, వేడినీళ్ళ గిన్నె మీద కరిగించి, అందులో అర కప్పు లిక్విడ్ గ్లూకోజ్, పెద్ద చెంచా గ్లిజరిన్, రెండు పెద్ద చెంచాల షార్టెనింగ్ (డాల్డాలాంటి గట్టి కొవ్వు) కలిపి, 900 గ్రాముల ఐసింగ్ షుగర్‌లో పోసి పిసకాలి. మిక్సీలో పట్టిన చక్కెర వాడితే గరగర పోదు, పలచటి గుడ్డలో జల్లించినా అంతే. ఇంకో మాట. జెలటిన్ మాంసాహారం కిందికే వస్తుంది. శాకాహారం తినే చుట్టాలుంటారు గదా, కొన్నా చేసినా పచ్చ చుక్క ఉందో లేదో చూసి తీసుకో. ఎగ్‌లెస్ అని చెప్పి జెలటిన్ పెట్టడం తప్పు.

పరికిణీ రంగుకు కింది అంతస్తు చిలకపచ్చ, ఓణీ రంగుకు పైది మెరూన్ అన్నావు. పచ్చ నువ్వే కలుపుకో. జెల్ రంగు మాత్రమే, పుల్లతో కొంచెం కొంచెం. రాత్రికి రంగు ఇంకా ముదురుతుంది, కాబట్టి నీకు కావలసినదానికంటే ఒక మెట్టు తక్కువలో ఆపు. కావలసిందంతా ఒకేసారి కలుపు, రెండోసారి కలిపితే అదే రంగు రాదు. మెరూన్ మాత్రం తెల్లదాంట్లో కలపొద్దు. అంత రంగు పోస్తే ఫాండెంట్ జిగటగా అయిపోతుంది, చేదు కూడా వస్తుంది. ఎర్ర ఫాండెంట్ రెడీమేడ్‌ది కొని, అందులో చాక్లెట్ రంగుది కాస్త కలిపితే మెరూన్ దానంతటదే వస్తుంది.

ఎంత కావాలో ఇట్లా లెక్కేసుకో. కేకు వెడల్పుకు ఎత్తు రెండుసార్లు కలిపి, పైన రెండు అంగుళాలు వెయ్యి. ఎనిమిది అంగుళాల వెడల్పు, నాలుగు ఎత్తు అయితే 18 అంగుళాల గుండ్రం వత్తాలి. మూడు మిల్లీమీటర్ల మందానికి 700 గ్రాములు పడుతుంది, చేతిలో 900 ఉంచుకో. ఆరంగుళాల దానికి 16 అంగుళాల గుండ్రం, 700 ఉంటే భయం లేదు. అంతకంటే మందంగా వత్తితే తినేవాళ్ళు ఒలిచి పక్కన పెట్టేస్తారు, అంత తీపి ఎవరూ తినలేరు. మరీ పలచగా వత్తితే అంచు దగ్గర చిరుగుతుంది.

కప్పేటప్పుడు నిదానం కాదు, ముందే సిద్ధం కావడం ముఖ్యం. కేకును ఫ్రిజ్‌లోంచి తీసి పదిహేను ఇరవై నిమిషాలు బయట ఉంచు. మరీ చల్లటి కేకు మీద కప్పితే చెమట పడుతుంది. ఈలోపు ఫాండెంట్‌ను ఐదు నిమిషాలు పిసుకు. పిసికేటప్పుడు పగుళ్ళు వస్తుంటే చేతికి అర చెంచా షార్టెనింగ్ రాసుకో. అంటుకుంటుంటే పలచటి గుడ్డలో కార్న్‌ఫ్లోర్ మూటకట్టి బల్లమీద తట్టు. అనంతపురం పొడిగాలికి కార్న్‌ఫ్లోర్ ఎక్కువైతే ఏనుగు చర్మంలాగా గీతలు పడతాయి, కాబట్టి అక్కడ షార్టెనింగే నీకు తోడు. గీతలు పడితే అదే కాస్త వేలితో రాసి గుండ్రంగా రుద్దు, చాలావరకు పోతాయి.

నడిమినుంచి బయటికి వత్తుతూ, ప్రతి రెండు వత్తులకూ పావు చుట్టు తిప్పు. చపాతీలాగా బోర్లించకు. అయ్యాక కర్రకు వదులుగా చుట్టి, కేకు మీద విప్పు. గనాష్ పూత మీద ముందే బ్రష్‌తో నీళ్ళు అద్దినట్టుగా, తడి కనిపించీ కనిపించనంతగా రాసి ఉండాలి. మొదట పైభాగం అరచేత్తో నడిమినుంచి రుద్ది గాలి పోగొట్టు. వెంటనే పై అంచు చుట్టూ చేత్తో నొక్కి పట్టించు. వేలాడే బరువంతా ఆ అంచు మీదే పడుతుంది, ఆలస్యమైతే చిరిగేది అక్కడే. తర్వాత పక్కలు. కింద కుచ్చిళ్ళు పడతాయి. వాటిని నొక్కేస్తే మడత గీత శాశ్వతంగా ఉండిపోతుంది. చీర కుచ్చిళ్ళు విప్పినట్టు ఒక్కో మడతనూ ఒక చేత్తో బయటికి లాగి తెరిచి, రెండో చేత్తో కింది నుంచి పైకి నిమురుతూ అంటించు. కిందికి లాగకు. చుట్టూ అయ్యాక అంగుళం వదిలి కోసి, స్మూతర్ అనే నున్నటి పలకతో రుద్ది, అప్పుడు బోర్డు దాకా కోసెయ్. గాలి బుడగ కనిపిస్తే గుండుసూదిని ఏటవాలుగా గుచ్చి నిమిరితే చాలు. కప్పడం మొదలుపెట్టాక ఇదంతా ఐదారు నిమిషాల్లో అయిపోవాలి, కాబట్టి ఫోను పక్క గదిలో పెట్టు.

ఎండ సంగతి. ఈ పని తెల్లవారుజామున గానీ రాత్రి గానీ పెట్టుకో. ఏసీ ఉంటే మంచిది. కూలర్ మాత్రం ఆపెయ్, తప్పకుండా. కూలర్ గాలిలో తడి ఉంటుంది. ఆ గదిలో ఫాండెంట్ జిగురెక్కుతుంది, ఆరబెట్టిన పూలు మళ్ళీ మెత్తబడతాయి. ఫ్యాను గాలి చాలు. కప్పిన కేకును ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే అట్టపెట్టెలో పెట్టి, పెట్టెను ప్లాస్టిక్‌తో చుట్టు. బయటికి తీసినా చల్లదనం పోయేదాకా పెట్టె తెరవకు, అప్పుడు చెమట పెట్టె మీద పడుతుంది, కేకు మీద కాదు. ఒకవేళ చుక్కలు పడితే తుడవొద్దు, ముట్టుకోవద్దు. ఫ్యాను కింద వదిలితే ఆరిపోతుంది.

పట్టు అంచుకు ఫాండెంట్ 250 గ్రాములకు అర చిన్న చెంచా సీఎంసీ పొడి (ఫాండెంట్‌ను గట్టిపరిచే, తినదగిన పొడి) కలుపు, వెంటనే ఎండిపోకుండా మూసి ఉంచు. రెండు మిల్లీమీటర్ల మందాన వత్తి, అంగుళంన్నర వెడల్పు పట్టీ కొయ్యి. పొడవు దారంతో కేకు చుట్టూ కొలుచుకో. ఫాండెంట్ కప్పాక 27 అంగుళాల దాకా వస్తుంది. పైన గోపురం అంచులాగా చిన్న త్రికోణాలు కోస్తే ధర్మవరం పట్టు గుర్తొస్తుంది, అచ్చులు లేకపోయినా అది ఒక్కటే చాలు. బంగారు పొడి కేకు మీద అద్దితే పచ్చ రంగు మీద రాలుతుంది, కాబట్టి పట్టీ బల్లమీద ఉండగానే పలచగా షార్టెనింగ్ రాసి పొడి బ్రష్‌తో అద్దు. నీళ్ళలో కలిపితే చారలు పడి జిగటవుతుంది. పొడి కొనేటప్పుడు డబ్బా వెనక చదువు. నాన్ టాక్సిక్ అని ఉన్నంత మాత్రాన అది తినేది కాదు. ఎడిబుల్ అని, ఏమేం కలిపారో, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నంబరు ఏమిటో ఉండాలి. ఇవేవీ లేనిది పిల్లలు తినే కేకు మీద వెయ్యకు.

పల్లుకు సీఎంసీ వద్దు, మడిచేటప్పుడు పగులుతుంది. ఎనిమిది అంగుళాల పొడవు, ఐదు వెడల్పు ముక్కను పలచగా వత్తి, స్ట్రాలు ఒకటి కింద, ఒకటి పైన, ఒకటి కింద, ఒకటి పైన, అట్లా వరుసగా పెట్టి దగ్గరికి నెట్టు. మడతలు నిలబడ్డాక స్ట్రాలు లాగేసి, పై కొస చిటికెతో నొక్కి, పై అంతస్తునుంచి కిందికి జారేలా అంటించు. అంచు అతుకు దీని వెనక దాచెయ్. జిగురు ఇంట్లోనే అవుతుంది: రెండు పెద్ద చెంచాల నీళ్ళలో పావు చిన్న చెంచా సీఎంసీ వేసి రాత్రంతా వదిలితే గడ్డలు కరిగిపోతాయి. గీతలాగా రాస్తే చాలు, ఎక్కువ రాస్తే పట్టీ జారుతుంది.

మల్లెమొగ్గలు ఇప్పటినుంచే మొదలుపెట్టు. 250 గ్రాములకు ఒక చిన్న చెంచా సీఎంసీ. బఠానీ అంత ఉండను ఒక కొస సన్నగా రుద్ది, మొన దగ్గర కత్తితో సన్నటి గీత గీస్తే మొగ్గ. రోజుకు ముప్పై చేసినా వారానికి కేకు మీది పూలజడకు సరిపోతాయి. అట్టపెట్టెలో ఆరబెట్టు, గాలి చొరని డబ్బాలో వద్దు, ఫ్రిజ్‌లో అసలే వద్దు. మధ్యలో పెద్ద నెమలి పెట్టాలనుకుంటే మొత్తం ఫాండెంట్‌తో చేస్తే బరువుకు కూలుతుంది. ఉప్పులేని బొరుగులు కరకరలాడేలా వేయించి, కరిగించిన మార్ష్‌మెల్లోలో కలిపి ఒళ్ళు చేసి, దానిమీద పలచగా ఫాండెంట్ కప్పు. ఉగ్గానికి వాడే బొరుగులే, పని చక్కగా చేస్తాయి. మార్ష్‌మెల్లోలో కూడా జెలటిన్ ఉంటుంది, అదీ చూసుకో.

అంతస్తులు నిలబెట్టడానికి కింది కేకులో నాలుగు లావు స్ట్రాలు గుచ్చు. పై కేకు అడుగు కొలత గీసుకుంటే, స్ట్రాలన్నీ ఆ గీత లోపలే రావాలి. మొదటిది గుచ్చి, పై మట్టానికి గుర్తుపెట్టి తీసి, మిగతా మూడూ దానికి సమానంగా కొయ్యి. పొట్టిగా ఉంటే బరువు కేకు మీద పడి కింది అంతస్తు పొట్ట ఉబ్బుతుంది, పొడుగైతే మధ్యలో సందు కనిపిస్తుంది. పై కేకు కింద దాని సైజు అట్ట తప్పనిసరి.

హాలుకు రెండూ వేరువేరుగా తీసుకెళ్ళు, అక్కడే ఒకదానిమీద ఒకటి పెట్టు. కారు ఏసీ అరగంట ముందే వెయ్యమను. సీటు మీద కాదు, కింద చదునుగా, జారని మ్యాటు మీద. హాల్లో వీడియోవాళ్ళ లైటు ఎదురుగా పడే చోట, తలుపు వేడిగాలి తగిలే చోట బల్ల వెయ్యనివ్వకు, ముందుగానే మాట్లాడుకో. చిచ్చుబుడ్డిలాంటి క్యాండిల్ కేకుకు గుచ్చొద్దని పిల్లలకు చెప్పు, రాలే బూడిద తినేది కాదు.

ఫంక్షన్ ఆదివారం కదా. గురువారం కాల్చి, ఆ రాత్రే గనాష్ కలుపు. శుక్రవారం పూతలు, శనివారం తెల్లవారుజామున ఫాండెంట్, సాయంత్రం అంచు, పల్లు. పూలు ఆదివారం హాల్లో పెడితే చాలు.

ఈ వారం కేకు చెయ్యకు. ఎనిమిది అంగుళాల థర్మోకోల్ డమ్మీ తెచ్చుకుని, షార్టెనింగ్ రాసి, అదే ఫాండెంట్‌ను నాలుగైదుసార్లు కప్పి తీసి కప్పు. ఫోటో తీసి పంపు. పైనుంచి తియ్యకు, కింది అంచూ కుచ్చిళ్ళు పడిన చోటూ కనిపించేలా పక్కనుంచి తియ్యి.

మీ పెద్దమ్మ