ఉద్యోగం పోయింది, హోమ్ లోన్ ఈఎంఐ ఎలా?

గుంటూరులో ఫ్లాట్ కొన్న ఏడాదికే ఉద్యోగం పోయింది, ఈఎంఐ ఎలా కట్టాలని అడిగారు. వాయిదా తప్పకముందే బ్రాంచికి వెళ్లండి. మొహమాటంతో చాలామంది ఇక్కడే ఆలస్యం చేస్తారు. బకాయి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బకాయి అవుతుంది. ఆపైన, తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో నోటీసు వస్తుంది, అప్పటికీ కట్టకపోతే బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. ముందే వెళ్తే, లోన్ గడువు పెంచి ఈఎంఐ తగ్గించమనో, కొన్నాళ్లు వడ్డీ మాత్రమే కడతాననో రాతపూర్వకంగా అడగొచ్చు. ఒప్పుకోవడం వాళ్లిష్టం. గడువు పెరిగితే మొత్తం వడ్డీ కూడా పెరుగుతుంది, అది మాత్రం తప్పదు.

ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉంటే, ఉద్యోగం పోయినవాళ్లకు అర్హతను బట్టి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు రోజు వేతనంలో సగం, గరిష్ఠంగా 90 రోజులు ఇస్తారు. కానీ నెల జీతం 21,000 దాటితే మామూలుగా ఈఎస్‌ఐయే ఉండదు. ఫ్లాట్ కొన్నవాళ్లలో ఎంతమందికి అక్కరకొస్తుందో మరి! క్రెడిట్ కార్డు మీద డబ్బు తీసి ఈఎంఐ కట్టే పని మాత్రం పెట్టుకోకండి.