అందరూ తిట్టిన 'యూ గాట్ సర్వ్‌డ్' చూడవచ్చా?

రహస్య డాన్సు పందేల మీద తీసిన ఈ సినిమాను అందరూ తిట్టారు కదా, ఒకసారైనా చూడవచ్చా అని అడిగారు. చూడండి, కాకపోతే రిమోట్ చేతిలో ఉంచుకోండి.

2006లో కావలిలో సీడీ అద్దెకు తెచ్చుకుని నేను దీన్ని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. మేము ఐదుగురం మా మిద్దె మీద టీవీల అట్టపెట్టెలు విప్పి పరుచుకుని, తల మీద తిరగడం నేర్చుకుంటున్న రోజులవి. అట్ట జారకుండా నాలుగు మూలలా ఇటుకలు పెట్టేవాళ్ళం. తిరిగేవాడి కాలు సరిగ్గా వెళ్ళి ఇటుకకే తగిలేది.

విమర్శకులను తప్పుపట్టలేను. 2004 జనవరి చివర్లో విడుదలై, అమెరికాలో ఆ వారాంతం వసూళ్ళలో మొదటి స్థానం కొట్టేసింది గానీ, కథంతా అరిగిపోయిన సరుకే. లాస్ ఏంజెలెస్‌లో ఇద్దరు ప్రాణస్నేహితులు. ఇద్దరూ మత్తుమందు పొట్లాలు చేరవేస్తారు, ఒకడు రెండోవాడి చెల్లెలిని ప్రేమిస్తాడు. మధ్యలో ఒక పిల్లవాడి చావు. హీరోలిద్దరూ అసలు గాయకులు. నోరు విప్పితే ఆ సంగతి తెలిసిపోతుంది. ఇవన్నీ దాటించేసి, 50,000 డాలర్ల బహుమతి కోసం జరిగే చివరి పోటీ మాత్రం పూర్తిగా చూడండి.

దానికి ముందు 5,000 డాలర్ల పందెం ఒకటుంది. హీరోల జట్టులోనివాడే స్టెప్పులు అవతలివాళ్ళకు అందిస్తాడు. తాము కట్టుకున్న డాన్సును ఎదుటివాళ్ళు వేస్తుంటే వీళ్ళు బిక్కచచ్చి నిలబడతారు. ఇది నమ్మేలా లేదని నాతో వాదించినవాళ్ళున్నారు. వాళ్ళెవరూ స్టేజీ పక్కన తమ నంబరు కోసం ఎదురుచూసినవాళ్ళు కారు.

నెల్లూరులో పోటీకి వెళ్ళాం. పాట మధ్యలో ఒకడు కాలు మడతపడి పడిపోయినట్టు నటించి, జనం అయ్యో అనేలోపు చేతుల మీద లేచి గిర్రున తిరగడం మా ప్రత్యేకత. మాకంటే రెండు నంబర్లు ముందున్న జట్టు అచ్చంగా అదే వేసింది. ఈలలు మోగిపోయాయి. మావాడు పడినప్పుడు మాత్రం ముందు వరుసలో ఒక పెద్దాయన, "ఇందాక చూశాం కదయ్యా, లే" అన్నాడు.

ఆ వారమంతా మాలో ఒకడు జ్వరమని సాధనకు రాలేదు. తిరుగు రైల్లో వాడే అందరికీ వేరుశనక్కాయలు కొని పంచాడు. ఎవరం ఏమీ అడగలేదు. కావలి వచ్చేదాకా ఒలుచుకుని తింటూ కూర్చున్నాం.