శ్రీకాళహస్తి కలంకారీకీ, పెడన కలంకారీకీ తేడా ఏమిటి?

పేరొకటే గానీ పని వేరు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. మచిలీపట్నం రేవు నుంచి పర్షియాకూ ఐరోపాకూ ఎగుమతై పెరిగిన అద్దకం కాబట్టి పెడన బట్టల్లో తీగలు, పూలు ఎక్కువ. శ్రీకాళహస్తిది గుడి కళ. రామాయణ, భారత ఘట్టాలను గళ్లుగళ్లుగా గీసి, కింద తెలుగులో కథ రాసిన తెరలను గుళ్లలో కట్టేవారు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది నలుపు తయారీ. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెడితే కసిమి అనే ద్రవం వస్తుంది. గుడ్డను ముందే కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. వెదురు పుల్లకు ఉన్ని చుట్టి దారంతో బిగించిన కలాన్ని కసిమిలో ముంచి గీస్తే, కరక్కాయ వగరు ఇనుముతో కలిసి గీత నల్లగా తేలుతుంది. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. ఎరుపు కావాలంటే పటిక పూసి, రంగునిచ్చే వేర్లతో ఉడకబెట్టాలి.

1950ల్లో హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ మొదలు కాకపోతే ఈ చేతి పని మిగిలేది కాదని నా నమ్మకం. షాపుల్లో కలంకారీ పేరుతో అమ్మే స్క్రీన్ ప్రింట్ చీరలు ఈ రెంటిలో దేనికీ చెందవు, కొనేముందు అడగండి.