జింకల వేటకు నా రైఫిల్, నా కేలిబర్: 7ఎంఎం-08 దగ్గర ఎందుకు ఆగాను

మీరు అడిగింది ఇది: "ఈ నవంబర్‌లో టెక్సస్‌లో మొదటిసారి జింకల వేటకు వెళ్తున్నాను. ఆఫీసులో ఒకరు .300 విన్ మ్యాగ్ కొనమంటున్నారు, ఇంకొకరు 6.5 క్రీడ్‌మోర్ అంటున్నారు. మీకు నచ్చిన రైఫిల్, కేలిబర్ ఏది? ఎందుకు?"

నాకు నచ్చింది టిక్కా టీ3ఎక్స్ లైట్ రైఫిల్, 7ఎంఎం-08 రెమింగ్టన్ కేలిబర్‌లో (కేలిబర్ అంటే ఆ రైఫిల్‌లో పట్టే తూటా రకం). కొన్నేళ్లుగా జింకలకు అదొక్కటే వాడుతున్నాను. అయితే ఈ పేరు కాగితం మీద రాసుకుని రేపే కొట్టుకు వెళ్లకండి. దీని దగ్గరికి వచ్చేలోపు నేను ఒక జింకను గాయపరిచి పోగొట్టుకున్నాను. ముందు ఆ సంగతి వినండి.

నేను శాన్ ఆంటోనియోలో ఉంటాను. వేటకు లానో వైపు కొండల్లోకి వెళ్తాను. మొదటి సీజన్ అరువు తెచ్చుకున్న రైఫిల్‌తో గడిచింది. రెండో ఏడు సొంతంగా కొందామని ఒక కొట్టుకు వెళ్తే, అక్కడి మనిషి .300 విన్ మ్యాగ్ (వించెస్టర్ మ్యాగ్నమ్, అంటే మందు ఎక్కువున్న బలమైన తూటా) రైఫిల్ చేతిలో పెట్టాడు. "జింక నుంచి ఎల్క్ (జింకల్లో చాలా పెద్ద జాతి) దాకా అన్నిటికీ ఇదొక్కటి చాలు" అన్నాడు. పెద్దది కొంటే పని గ్యారంటీ అని నేనూ నమ్మాను. రేంజ్‌లో పది తూటాలు కాల్చేసరికి భుజం కమిలిపోయింది. అలవాటు అవుతుందిలే అనుకున్నాను.

నవంబర్ రెండో వారం, సాయంత్రం. సుమారు 110 గజాల దూరంలో మగజింక పక్కకు తిరిగి నిలబడి ఉంది. అంతకంటే సులువైన గురి దొరకదు. కాల్చాను. అది వీపు వంచి, నెమ్మదిగా పొదల్లోకి నడిచింది. వెళ్లి చూస్తే నేల మీద కొద్దిగా నల్లటి రక్తం, అందులో పచ్చటి తుంపరలు. అంటే తూటా పొట్టలో దిగింది. అలాంటప్పుడు కొన్ని గంటలు కదలకుండా ఆగాలి. నేను టెన్షన్‌తో అరగంటకే వెతకడం మొదలుపెట్టి దాన్ని ఇంకా దూరం తరిమాను. చీకటి పడేదాకా, మళ్లీ తెల్లవారి మధ్యాహ్నం దాకా మెస్కీట్ పొదల్లో, నాగజెముడు మధ్య తిరిగాను. (మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. ముళ్లు కూడా అలాగే ఉంటాయి.) జింక దొరకలేదు. అది ఎంతసేపు బాధపడి ఉంటుందో అన్న ఆలోచన నన్ను ఈరోజుకీ వదల్లేదు.

ఆ పొలం యజమాని డెబ్భై దాటిన పెద్దాయన. ఏమీ అనకుండా మర్నాడు నన్ను కాల్పుల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. రైఫిల్‌లో తనే తూటా పెట్టి ఇస్తాను, చూడకుండా కాల్చమన్నాడు. మూడోసారో నాలుగోసారో ట్రిగ్గర్ నొక్కితే టక్ మన్న చప్పుడే వచ్చింది. మందులేని ఉత్తుత్తి తూటా పెట్టాడన్నమాట. కానీ ఆ క్షణంలో బ్యారెల్ మూతి రెండంగుళాలు కిందికి పడటం నేను కళ్లారా చూశాను. తన్ను (కాల్చగానే రైఫిల్ వెనక్కి వచ్చి భుజాన్ని గుద్దే దెబ్బ) రాకముందే నా ఒళ్లు ఉలిక్కిపడి రైఫిల్‌ను కిందికి తోసేస్తోంది. నిజమైన తూటా పేలినప్పుడు ఆ చప్పుడులో, ఆ కుదుపులో ఈ తప్పు బయటికి కనిపించదు. జింక పొట్టలో తూటా ఎందుకు దిగిందో నాకు అక్కడ అర్థమైంది.

తర్వాత ఆయన తన పాత 7ఎంఎం-08 ఇచ్చాడు. అదే ఆట మళ్లీ ఆడించాడు. ఉత్తుత్తి తూటా వచ్చినా బ్యారెల్ కదల్లేదు. ఆ వారమే నా మ్యాగ్నమ్ అమ్మేశాను.

ఇప్పుడు కేలిబర్ల సంగతి. .308 వించెస్టర్ 1952లో వచ్చింది. దాని కేసు (మందు ఉండే ఇత్తడి గొట్టం) మెడను సన్నం చేసి చిన్న తూటాలకు సరిపోయేలా మార్చినవే 1955లో వచ్చిన .243, 1980లో వచ్చిన 7ఎంఎం-08. అంటే .308 తల్లి, ఆ రెండూ దాని పిల్లలు. 7ఎంఎం-08లో 140 గ్రెయిన్ల (సుమారు 9 గ్రాముల) తూటా సెకనుకు సుమారు 2,800 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. అదే బరువున్న రైఫిల్‌లో .300 విన్ మ్యాగ్ దీనికి దాదాపు రెట్టింపు తంతుంది. ఈ కొండల్లో తెల్లతోక జింకలు చిన్నవి. పేగులు తీశాక మగజింక 45 కిలోలు తూగితే మంచిదే అనుకుంటాం. నేను కూర్చునే చోట 150 గజాలు దాటి గురి దొరకడమే అరుదు. ఆ దూరానికి, ఆ ఒంటికి మ్యాగ్నమ్ అవసరమే లేదు. పక్కనుంచి కాలిస్తే 7ఎంఎం-08 తూటా రెండు ఊపిరితిత్తుల్లోంచి దూరి అవతలికి వెళ్లిపోతుంది. అలా రెండో వైపు కూడా రంధ్రం పడితేనే నెత్తుటి జాడ బాగా దొరుకుతుంది.

6.5 క్రీడ్‌మోర్ చెప్పినవారు తప్పు చెప్పలేదు. 2007లో హోర్నడీ అనే తూటాల కంపెనీ తెచ్చింది. తన్ను తక్కువ, గురి బాగా కుదురుతుంది. జింక వరకు చూస్తే దానికీ 7ఎంఎం-08కీ నాకు పెద్ద తేడా కనబడలేదు. ఒక విషయంలో అదే మెరుగు కూడా. 2020, 2021లో తూటాల కరువు వచ్చినప్పుడు నా 7ఎంఎం-08 పెట్టెలు నెలల తరబడి దొరకలేదు. చిన్న ఊళ్ల కొట్లలో .308, .30-06, .270, క్రీడ్‌మోర్ ఉంటాయి కానీ నాది అన్నిచోట్లా ఉండదు. అందుకే ముందుగానే ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) పెట్టెలు కొని దాచుకుంటాను. తూటాలు వెతికే ఓపిక లేకపోతే మీరు క్రీడ్‌మోర్‌కే వెళ్లండి, నేనేమీ అనను.

.30-06 గురించి ఒక్క మాట. 1906 నుంచి అమెరికాలో లెక్కలేనన్ని జింకలు దానితోనే పడ్డాయి. మంచి కేలిబరే. కాకపోతే తేలికపాటి రైఫిల్‌లో కొత్తవారికి దాని తన్ను కొంచెం ఎక్కువే. .243 నా భార్యకు నచ్చింది. మంచి తూటా ఎంచుకుని, ఎముకలు తప్పించి ఓపికగా కాలిస్తే చక్కగా పని చేస్తుంది. అందులో గురి అటూ ఇటూ అయితే సర్దుకునే వీలు మాత్రం తక్కువ. మన ఇళ్లలో .22 రైఫిల్ పేరు విన్నవాళ్లుంటారు. దాని జోలికి పోవద్దు. టెక్సస్‌లో .22 లాంటి రిమ్‌ఫైర్ (కేసు అంచు మీద దెబ్బ తగిలితే పేలే) తూటాలతో తెల్లతోక జింకను వేటాడటం చట్టవిరుద్ధం, జింకకు నరకం కూడా.

రైఫిల్ విషయంలో నా ఎంపికకు కారణాలు చిన్నవే. టిక్కా ఫిన్లాండ్‌లో తయారవుతుంది. స్కోప్ లేకుండా మూడు కిలోల లోపే. బోల్ట్ (తూటాను లోపలికి నెట్టే కడ్డీ) నూనె రాసినట్టు జారుతుంది. ట్రిగ్గర్ బరువు నాకు కావలసినంతకు తగ్గించుకోవచ్చు. మంచె మీద ఉన్నా, రాళ్లలో నడుస్తున్నా చేతికి భారం అనిపించదు. మరీ తేలిక రైఫిల్ ఎక్కువ తంతుందన్నది నిజమే. అందుకే తక్కువ తన్నే కేలిబర్‌ను దీనికి జత చేశాను. బడ్జెట్ తక్కువైతే రూగర్ అమెరికన్ చూడండి. నా ఫ్రెండ్ దగ్గర ఉంది, 100 గజాల్లో గురి నాదానికేమీ తీసిపోదు. రైఫిల్ మీద మిగిల్చిన డబ్బు స్కోప్ మీద, తూటాల మీద పెట్టండి. జింకలు కదిలేది తెల్లవారుజామున, మునిమాపున. టెక్సస్‌లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా వేటకు అనుమతి. ఆ మసక వెలుతురులో చవక స్కోప్‌లో కొమ్మ ఏదో కొమ్ము ఏదో తెలియదు.

తూటా ఎంపిక కేలిబర్ ఎంపిక కంటే ముఖ్యమని నా అభిప్రాయం. నేను మొదట్లో 139 గ్రెయిన్ల సాధారణ సీసం తూటాలు వాడాను, బాగానే పనిచేశాయి. పిల్లలు ఆ మాంసం తినడం మొదలుపెట్టాక బార్న్స్ 120 గ్రెయిన్ల రాగి తూటాలకు మారాను. సీసం తూటా లోపల చిట్లి, కంటికి కనబడని ముక్కలు గాయానికి దూరంగా కూడా మాంసంలో చేరతాయి. రాగి తూటా పువ్వులా విచ్చుకుంటుంది, ఒక్క ముక్కగానే ఉంటుంది. ఖరీదు ఎక్కువ. కానీ సీజన్‌కు నేను జింకల మీద కాల్చేది మూడో నాలుగో తూటాలు. అక్కడ పొదుపు చేయడం నాకు సబబు అనిపించలేదు. తూటా మారిస్తే మాత్రం గురి మళ్లీ మొదటినుంచి సరిచూసుకోవాలి.

గురి కుదుర్చుకోవడం: 100 గజాల్లో తూటా ఒకటిన్నర, రెండు అంగుళాలు పైకి తగిలేలా పెట్టుకుంటే 200 గజాల దగ్గర సరిగ్గా మధ్యలో పడుతుంది. 300 దగ్గరికి ఏడెనిమిది అంగుళాలు కిందికి జారుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ఎనిమిది అంగుళాల పళ్లెం అంత. అందుకే 200 దాటి నేను కాల్చను. బల్ల మీద కాల్చడం గురి సరిచూసుకోవడానికే. ఆ తర్వాత కూర్చుని, మోకాలి మీద, కర్ర ఊతంతో కాల్చి చూడండి. ఆ పళ్లెంలో వరసగా అయిదు తూటాలు ఏ దూరం దాకా పడతాయో, మీ వేట దూరం అంతే. జింక పక్కకు తిరిగి ఉన్నప్పుడు ముందుకాలు వెనకగా, ఛాతీ ఎత్తులో కిందినుంచి మూడోవంతు దగ్గర గురిపెట్టండి. ఎదురుగా నిలబడి ఉంటే ఆగండి. తిరుగుతుంది.

మీరు హెచ్-1బి మీద ఉన్నారేమో తెలియదు కాబట్టి ఇదీ చెప్తాను. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. "చెల్లుబాటులో" అన్న మాట గుర్తుంచుకోండి. టెక్సస్ వేట లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది. వీసా రోజుల్లో నేను ఆ తేదీని క్యాలెండర్‌లో ఎర్రగా గుర్తుపెట్టుకుని, గడువు ముగియకముందే కొత్తది తీసుకునేవాడిని. మీ కాగితాల పరిస్థితి ఏమిటో కొనేముందు ఒక లాయర్‌ను అడగండి. గ్రీన్ కార్డ్ ఉంటే ఈ చిక్కు లేదు. ఇక 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు టెక్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. అక్టోబర్ దాకా ఆగకుండా ఇప్పుడే చేసేయండి.

వేరే రాష్ట్రానికి మారే ఆలోచన ఉంటే అక్కడి నియమాలు చూశాకే రైఫిల్ కొనండి. మా తమ్ముడు కొలంబస్‌లో ఉంటాడు. ఒహాయోలో జింకల వేటకు మెడ సన్నబడిన రైఫిల్ కార్ట్రిడ్జ్‌లు పనికిరావు, నిటారు గోడల కేసు ఉండాలి. నా 7ఎంఎం-08 అక్కడ బీరువాకే పరిమితం. వాడు .350 లెజెండ్ కొనుక్కున్నాడు.

చివరగా, మీరు అడగకపోయినా, లానో కొండలకు వెళ్తే తప్పకుండా ఎదురయ్యేది ఒకటుంది: మన చుక్కల దుప్పి. మాది నల్లమల అంచు ఊరు. చిన్నప్పుడు చుక్కల దుప్పుల్ని దూరం నుంచి చూడటమే కానీ వేట మాకు తెలియదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేట నేరం, అది అలాగే ఉండాలని నేను మనసారా కోరుకుంటాను. తెలంగాణ రాష్ట్ర జంతువు కూడా ఆ జింకే. టెక్సస్‌కు వాటిని 1932లో తెచ్చారు. కంచెలు దాటి అడవిలో పెరిగి, ఇక్కడి తెల్లతోక జింకల మేతకు పోటీ అయ్యాయి. వాటికి సీజన్ లేదు, లైసెన్స్ ఉంటే ఏడాది పొడవునా వేటాడవచ్చు. మొదటిసారి స్కోప్‌లో ఆ తెల్ల చుక్కలు కనబడినప్పుడు నా వేలు ట్రిగ్గర్ మీదికి పోలేదు. దించేసి చూస్తూ కూర్చున్నాను. మా ఊరి చెరువుగట్టు గుర్తొచ్చింది.

మరుసటి ఏడాది వేసవిలో పెద్దాయనే పిలిచాడు. మేత అయిపోతోంది, కొన్నిటిని తగ్గించాలన్నాడు. ఈసారి ఒక మగదుప్పి, 120 గజాలు, పక్కకు తిరిగి ఉంది. తెల్లతోక కంటే చాలా పెద్దది, ఒళ్లు గట్టిది. అదే 7ఎంఎం-08, అదే రాగి తూటా. తూటా తగిలిన చోట గులాబీ రంగు నురుగు రక్తం ఉంది, అంటే ఊపిరితిత్తులు. అయినా అరగంట ఆగాకే లేచాను. అక్కడినుంచి అది పడిన చోటికి నలభై అడుగులు.