కొత్త బ్లాగును మొదటి రోజే ఎవరు నమ్ముతారు?

పొదుపు, అప్పుల మీద బ్లాగు పెట్టాలనుంది, కానీ డిగ్రీ లేదు, ఎవరు నమ్ముతారని అడిగారు. డిగ్రీ గురించి టెన్షన్ వద్దు. గూగుల్ 2022 డిసెంబరులో సెర్చ్ ఫలితాల నాణ్యతను అంచనా వేసే తన మార్గదర్శకాల్లో స్వానుభవాన్ని కూడా చేర్చింది. కాకపోతే డబ్బు, ఆరోగ్యం విషయాల్లో పట్టింపు ఎక్కువ. అందుకని ఉచిత సలహాలు మానేసి, మీ అప్పు మీరెలా తీర్చారో వడ్డీ లెక్కలతో సహా రాయండి. నిపుణుణ్ని కానని ‘నా గురించి’ పేజీలోనే చెప్పేయండి.

సొంత డొమైన్ (సైటు చిరునామా) తీసుకోండి. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ (సైటుకూ పాఠకుడికీ మధ్య సమాచారం ఇతరులకు కనబడకుండా కాపాడేది) లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ అనే సంస్థ దగ్గర ఉచితమే. లోగో తర్వాత చూసుకోవచ్చు.

ఒక్క పోస్టుతో తెరవొద్దు, నాలుగైదు పూర్తి వ్యాసాలు సిద్ధమయ్యాకే లింకు బయటపెట్టండి. ప్రతి అంకెకూ అసలు పత్రానికే లింకివ్వండి, దాన్ని ఎత్తిరాసిన ఇంకో సైటుకు కాదు. చాలామంది బద్ధకించేది ఇక్కడే! తప్పు దొరికితే గుట్టుగా మార్చేయకండి. ఏ తేదీన ఏం సరిదిద్దారో అక్కడే రాయండి, ఎందుకంటే పాత పేజీ, వెబ్ పేజీల పాత ప్రతులను దాచే వేబ్యాక్ మెషీన్‌లో ఉండిపోయి ఉండొచ్చు. కమీషన్ వచ్చే లింకు పెడితే ఆ సంగతి వ్యాసం మొదట్లోనే చెప్పండి. మొదటి ఆరు నెలలు అసలు పెట్టకపోతే ఇంకా నయం.