ఎవరి కాలేయమో ముందు చెప్పు

విశాఖపట్నం

తమ్ముడూ,

మలేరియా వ్యాసం అందింది. నడక బాగుంది. రెండో పేరా మాత్రం తిరగరాయాలి. "కాలేయంలో పరాన్నజీవి రెండు రోజుల్లో ఎదిగి రక్తంలోకి వస్తుంది" అన్నావు. ఆ రెండు రోజులు ల్యాబ్ ఎలుకలో ప్లాస్మోడియం బెర్ఘై అనే ఎలుక మలేరియా పరాన్నజీవికి పట్టేవి. మనిషి కాలేయంలోనైతే మనకు మలేరియా తెచ్చే ఫాల్సిపారానికి దాదాపు వారం, వైవాక్స్‌కి ఎనిమిది రోజుల దాకా పడుతుంది. పాడేరు పిల్లాడి చలిజ్వరం గురించి రాస్తూ ఎలుక లెక్క వేస్తే, చదివినవాళ్లు నిన్నమొన్నటి దోమకాటునే అనుమానిస్తారు. అసలు కాటు అంతకు ఎన్నో రోజుల ముందుది. ఆ మధ్యలో జ్వరం ఉండదు. ఆశా కార్యకర్త వేలు గుచ్చి చూసినా మలేరియా పరీక్ష కిట్టులో ఏమీ తేలదు.

కాబట్టి ప్రతి అంకె పక్కనా ఏ పరాన్నజీవో, ఏ జంతువో రాయి. కణాల విషయమూ అంతే. హెప్‌జీ2 అనే మనిషి కాలేయ క్యాన్సర్ కణాల్లో బెర్ఘై చక్కగా పెరుగుతుంది, ఫాల్సిపారం సరిగా పెరగదు. దానికి మనిషి కాలేయం నుంచి నేరుగా తీసిన కణాలు కావాలి. కోడి మలేరియా గల్లినేసియం అసలు కాలేయ కణాల్లోకే వెళ్లదు. మాక్రోఫేజులనే రక్షక కణాల్లో, రక్తనాళాల లోపొరలో పెరుగుతుంది. దాన్ని ఈ వ్యాసంలోకి తేకు.

కణం లోపలి సంగతి మాత్రం తీరిగ్గా రాయి, అక్కడే నీ కలానికి పని. దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి దిగే పరాన్నజీవి రూపం, వంకర సూదిలాంటి స్పోరోజోయిట్, మొదటి కణంలోనే ఆగదు. కొన్ని కణాలను చీల్చుకుంటూ పోయి, చివరికి ఒకదాని పొరను లోపలికి నెట్టి, ఆ సంచిలో కూర్చుంటుంది. ఉబ్బిన కణంలో కేంద్రకం ఓ మూలకు జరుగుతుంది. ఫాల్సిపారమైతే ఒక్క కణంలో ముప్పై, నలభై వేల మీరోజోయిట్లు, అంటే రక్తకణాల్లోకి దూరే పిల్ల పరాన్నజీవులు, తయారవుతాయి. కణం టప్పున పగిలిందని రాయకు. కణపు పొరే చుట్టుకున్న బుడగలుగా అవి రక్తంలోకి జారడం ఎలుకల్లో స్పష్టంగా చూశారు.

"నిద్రపోతుంది" అన్న మాట ఫాల్సిపారానికి వాడకు. కాలేయంలో దాగి ఉండి తర్వాత లేచే ఆ గుణం వైవాక్స్‌ది, మనిషికే వచ్చే మరో రకం ఒవేల్‌ది. ఎలుక మలేరియాలోనూ లేదు. అందుకే తిరగబెట్టే జ్వరాన్ని రీసస్ కోతిలో, సైనోమోల్గీ అనే కోతి మలేరియా పరాన్నజీవితో పరిశీలిస్తారు. 1948లో షార్ట్, గార్న్‌హామ్ అనే శాస్త్రవేత్తలు కాలేయ దశను కనుగొన్నదీ ఆ కోతిలోనే. నిద్రలో ఉన్నవాటిని మలేరియా మందు క్లోరోక్విన్ చంపదు. వాటికి సాధారణంగా పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్ ఇస్తారు. ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు అదే మందు ఎర్రకణాలను చితక్కొడుతుంది. ఈ వాక్యం లేకుండా ప్రైమాక్విన్ పేరు అచ్చులోకి పోనివ్వకు.

బొమ్మ కింద "ఎలుక కాలేయం" అని రాసి, మార్చిన ప్రతి పంపు.

మీ అన్నయ్య